దీపాలదిన్నె నుంచి దివాణానికి

మన జిల్లాల జమీందారుల గురించి వచ్చిన రచనలు చాలామటుకు దానధర్మాల జాబితాలు. ఏ గుడికి గాలిగోపురం ఎత్తించారు, ఏ పండితుడికి అగ్రహారం ధారపోశారు, ఎన్నిసార్లు తులాభారం తూగారు అనే విషయాలు అందులో వివరంగా వుంటాయి. ఆ తక్కెడలో పోసిన బంగారం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఆ గోపురం లేచేనాటికి ఆ సీమ రైతు కల్లంలో మిగిలిందెంత అనే విషయాలు మాత్రం వుండవు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1783లో చింతపల్లి జమీకి వచ్చిన ఈ ప్రభువు 1796 ప్రాంతంలో కృష్ణ ఒడ్డున అమరావతికి నివాసం మార్చి, అక్కడ దివాణం కట్టించి, దాని చుట్టూ కొత్త పట్నం వేయించాడు. ఆ వైభవం గట్టిగా యాభై ఏళ్లు నిలవలేదు. ఆ యాభై ఏళ్ల చరిత్రను దాన శాసనాల వైపు నుంచి కాక, కూలిన గోడల వైపు నుంచీ, వాటిలో చేరిన రాయి వైపు నుంచీ చదివి చూద్దామన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

రాయి వైపు నుంచి అనడానికి కారణం వుంది. మాది దాచేపల్లి. మా ప్రాంతంలో నాలుగడుగులు తవ్వితే సున్నపురాయి తగులుతుంది. ఇంటి ముందు అరుగుకు పరిచేదీ, పొలం గట్టున పేర్చేదీ, పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చేదీ, సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడయ్యేదీ ఈ రాయే. అమరావతి స్తూపానికి తొడిగిన శిల్పఫలకాలు కూడా ఈ జాతి రాతివే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం వారు తమ దగ్గరున్న అమరావతి శిల్పాల వివరాల్లో రాయి పేరు చెప్పవలసిన చోట పల్నాడు పేరే చెబుతారు. ప్రపంచంలోని కళావిమర్శకులంతా వేనోళ్ల పొగిడిన ఆ నునుపు, ఆ లేత ఆకుపచ్చ ఛాయ, మా వాళ్లు రోజూ కాళ్లకింద తొక్కే బండలోనివే. 2022 నుంచి అమరావతీ, దాచేపల్లీ రెండూ పల్నాడు జిల్లాలోనే వున్నాయి. రాయి విషయంలో మాత్రం రెండూ రెండువేల ఏళ్ల కిందటే ఒక్కటయ్యాయి.

జమీందారు దివాణం సంగతి చెప్పుకునే ముందు స్తూపం ఎవరి సొమ్ముతో లేచిందో చూడాలి. ధాన్యకటకం, అంటే నేటి ధరణికోట, పెద్ద వర్తక కేంద్రం. దాని పక్కన క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తు శకం మూడో శతాబ్దం దాకా, విడతలు విడతలుగా, ఈ మహాచైత్యం పెరిగింది. అండం వ్యాసమే సుమారు 50 మీటర్లు. శాతవాహన రాజుల పేర్లు కొన్ని శాసనాల్లో వున్న మాట నిజమే. కాని ఆ రాళ్ల మీద చెక్కిన చిన్న చిన్న దానశాసనాల్లో ఎక్కువగా కనిపించేది రాజులు కారు. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, సుగంధ ద్రవ్యాలు అమ్ముకునేవాడు కనిపిస్తారు. అందులో విధికుడనే చర్మకారుడొకడు వున్నాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకాన్ని ఇచ్చానని తన పేరూ తన వృత్తీ రాయించుకున్నాడు. తోలు పని చేసేవాడు ఒక మహా కట్టడంలో తన పేరు చెక్కించుకోగలిగిన కాలం ఈ కృష్ణ ఒడ్డునే ఒకటుండేదన్న మాట. ఆ కాలం స్వర్ణయుగమని నేననడం లేదు. అప్పుడూ బానిసలున్నారు, పన్నులున్నాయి. అయితే ఆ కట్టడానికి యజమాని అంటూ ఒక్కడు లేడు. అది చందాల మీద లేచింది.

బౌద్ధం క్షీణించిన తర్వాత కూడా ఆ చోటు చాలాకాలం జనం దృష్టిలో వుంది. ధాన్యకటకంలో ఒక సింహళ భిక్షువు మరమ్మతులు చేయించిన సంగతి 1344 నాటి సింహళ శాసనం ఒకటి చెబుతున్నది. ఆ తర్వాత మన్ను కప్పింది. వూరివారు ఆ మట్టిగుట్టను దీపాలదిన్నె అని పిలిచారు. అది ఏమిటో మరిచిపోయినా, ఒక పేరు మాత్రం మిగుల్చుకున్నారు.

ఇక వెంకటాద్రి నాయుడు ఆ గుట్ట దగ్గరికి ఎందుకు వచ్చాడన్నది మన ప్రశ్న. కుంఫిణీ సేన చింతపల్లికి వచ్చి అవమానించిందనీ, అందుకు అలిగి వూరు వదిలాడనీ స్థానిక కథనాలు చెబుతాయి. మరో కథ కూడా వుంది, దాని సంగతి ముందు చెబుతాను. ఒక ప్రభువు అలక కింద కథనాలు చెప్పే ఈ మార్పు వెనుక ఆ దశాబ్దపు రాజకీయార్థిక పరిణామమంతా వుంది. గుంటూరు సర్కారు 1788లో నిజాం చేతినుంచి కుంఫిణీ చేతికి వచ్చింది. అంతవరకు జమీందారంటే పన్ను వసూలు చేసేవాడు మాత్రమే కాదు. కోటా, సిపాయిలూ, తీర్పరితనమూ అన్నీ వున్న చిన్న రాజు. పైవాడి సైన్యం వచ్చినప్పుడు పేష్కష్ చెల్లించేవాడు, రానప్పుడు బాకీపెట్టేవాడు. కుంఫిణీ ఈ వ్యవహారాన్ని సాగనివ్వలేదు. సిపాయిలను తగ్గించమన్నది, కోటలను నిరర్థకం చేసింది, 1794 నుంచి జిల్లాల మీద కలెక్టర్లను పెట్టింది. 1802లో శాశ్వత పైసలా వచ్చింది. జమీందారు వసూళ్లలో ఇంచుమించు మూడింట రెండువంతులు కుంఫిణీకి కట్టాలి. కట్టినంతకాలం భూమి వంశపారంపర్యంగా అతనిది, కట్టకపోతే వేలం. కత్తి పట్టిన వాడు ఈ విధంగా సర్కారుకు పన్ను గుత్తేదారయ్యాడు.

నా అభిప్రాయంలో అమరావతి దివాణం అర్థం ఇక్కడ వుంది. అది అధికారం పెరిగినందువల్ల లేచిన కట్టడం కాదు, అధికారం పోతున్నందువల్ల లేచిన కట్టడం. సైన్యం పెంచుకోవడానికి వీలులేని ప్రభువు గోపురాలు పెంచుకున్నాడు. యుద్ధం చేయడానికి వీలులేని చోట తులాభారం తూగాడు. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం 1807-09 మధ్య ఎత్తించాడు. అమరేశ్వరాలయం బాగుచేయించాడు, చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మకు గుడి కట్టించాడు. తనకు రాజ్యం లేకపోయినా రాజు చేయవలసిన పనులన్నీ చేశాడు. ఇందులో ఆయన వ్యక్తిగత భక్తిని నేను శంకించను. కాని ఒక వర్గం చేతిలోంచి అసలు అధికారం జారిపోతున్నప్పుడు దాని వేషం మరింత బరువెక్కడం చరిత్రలో మనం తరచుగా చూసేదే.

ఈ వేషానికయ్యే ఖర్చు ఎవరు భరించారు? సర్కారు జిల్లాల జమీల్లో చాలాచోట్ల పంట కల్లంలో వుండగానే దివాణం పాలు అంచనా కట్టేవారు. ధాన్యంలో సగం దాకా అట్లా పోయేది. ఆపైన కరణం మేరలు, నౌకర్ల మామూళ్లు, పండగ కట్నాలు, వెట్టి చాకిరీ. కుంఫిణీకి కట్టవలసింది స్థిరమయింది గాని రైతు ఇవ్వవలసింది స్థిరం కాలేదు. కుంఫిణీ వాటా పోగా మిగిలినదానిలోంచే ప్రభువు తన రాజసం వెళ్లదీసుకోవాలి. కనుక ఆ రాజసం పెరిగినకొద్దీ కల్లంలో ఒత్తిడి పెరిగిందనుకోవడానికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కరలేదు.

ఇదే సంవత్సరాల్లో సముద్రాల అవతల జరుగుతున్నదాన్ని కూడా పాఠకులు గమనించాలి. మా పల్నాడు అప్పట్లో గుంటూరు సర్కారులో భాగం కాదు. ఆర్కాటు నవాబు కింద వుండి 1801లో పూర్తిగా కుంఫిణీ పాలనలోకి వచ్చింది. ఆ నవాబుకు మద్రాసులోని కుంఫిణీ వుద్యోగులు భారీ వడ్డీలకు అప్పులిచ్చారు. పల్లెల శిస్తులే ఆ అప్పులకు తాకట్టు. 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో ఆర్కాటు అప్పుల మీద చేసిన ప్రసంగంలో ఎండగట్టిన వారిలో ముఖ్యుడు పాల్ బెన్‌ఫీల్డ్. ఆ బెన్‌ఫీల్డ్ 1794లో లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్కు అనే గొప్ప ఎస్టేటు కొన్నాడు. అంతకు ముందే రాబర్ట్ క్లైవ్ లండన్ పొలిమేర జిల్లా అయిన సర్రేలో క్లేర్‌మాంట్ భవనాన్ని కొత్తగా కట్టించుకున్నాడు. లండన్ పొలిమేరల్లో పచ్చిక బయళ్ల మధ్య వుడ్‌హాల్, కృష్ణ ఒడ్డున అమరావతి దివాణం రెండూ రెండేళ్ల తేడాలో ప్రభువులను మార్చుకున్న చోట్లు. రెంటికీ దక్షిణాది రైతు శిస్తే పునాది. తేడా ఒక్కటే. మన జమీందారు సొమ్ములో ఎంతో కొంత ఈ నేలమీదే రాయిగా మిగిలింది, బెన్‌ఫీల్డ్ సొమ్ము ఓడెక్కి పోయింది. ఆ బెన్‌ఫీల్డూ చివరికి దివాలా తీసి 1810లో పారిస్‌లో పేదవాడుగా చనిపోయాడు.

మళ్లీ దీపాలదిన్నెకు వద్దాం. కొత్త పట్నానికి ఇటుక కావాలి, రాయి కావాలి. గుట్టను తవ్వితే పెద్ద పెద్ద ఇటుకలూ, చెక్కడపు పలకలూ బయటపడ్డాయి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఈ వార్త విని 1797లో వచ్చి చూసేనాటికే తవ్వకం సాగుతున్నది. ఫలకాలు గోడల్లోకీ, మెట్లలోకీ పోతున్నాయి. ఆయన 1816లో మనుషులతో తిరిగి వచ్చి కొలతలు తీయించి బొమ్మలు గీయించేసరికి గుట్ట నడిమధ్య చెరువు తవ్వివుంది. అండం వుండవలసిన చోట గుంట వుంది. ఆ ఏడాది ఆగస్టులోనే వెంకటాద్రి నాయుడు మరణించాడు. ఒకవైపు చిత్రకారులు మిగిలిన శిల్పాలను కాగితం మీదికి ఎక్కిస్తుండగా, వాటిని తవ్వించిన ప్రభువు వెళ్లిపోయాడు. ఆ కాగితాలే ఈనాడు స్తూపం రూపురేఖలకు మనకున్న ముఖ్య ఆధారం.

ఇక ముందు చెబుతానన్న కథ. జమీలో దోపిడీలు చేస్తున్నారన్న నేరం మోపి, వందలమంది చెంచులను భోజనానికి పిలిపించి, వరుసగా నిలబెట్టి తలలు నరికించాడనీ, అది జరిగిన చోటే నరుకుళ్లపాడనీ జనశ్రుతి. తర్వాత ఆయన అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగులుగా కనిపించాయనీ, పాపపరిహారం కోసమే అమరేశ్వరుణ్ణి ఆశ్రయించి గుళ్లు కట్టించాడనీ ఆ కథే చెబుతుంది. మన జమీందారీ చరిత్రకారులు దీన్ని పశ్చాత్తాప గాథగా రాస్తారు. ప్రభువు మనసు కరిగింది, గుళ్లు వెలిశాయి, కథ కంచికి. కాని ఈ కథను పుట్టించి మోసుకొచ్చిన పల్లెజనం చెప్పింది అంతకన్నా పెద్ద విషయం. గోపురం వెనుక నెత్తురు వుందని వాళ్లు చెప్పారు. దానం అనే మాటకు ముందు నేరం అనే మాట వుందని చెప్పారు. సంఖ్యల్లో అతిశయోక్తి వుండవచ్చు, పురుగుల వర్ణన కల్పన కావచ్చు. కాని దాతృత్వం మీద ప్రజలు చేసిన ఈ విమర్శకు ఒక వూరిపేరే శాసనం. మరో సంగతి కూడా గమనించాలి. ఆ కథలో ప్రభువు బాధ వుంది, దేవుడి కరుణ వుంది. చచ్చిపోయిన చెంచుల్లో ఒక్కరి పేరు కూడా లేదు. చర్మకార విధికుడి పేరు నిలుపుకున్న నేలమీదే, పద్ధెనిమిది వందల ఏళ్ల తర్వాత, ఈ మనుషుల పేర్లు లేకుండా పోయాయి.

ప్రభువు పోయిన తర్వాత ఎస్టేటు కథ వేగంగా ముగిసింది. ఆయనకు కన్నకొడుకులు లేరు. ముందు జగన్నాథ బాబును, ఆ తర్వాత రామనాథ బాబును దత్తత తీసుకున్నాడు. ఇద్దరు దత్తుల మధ్యా మొదలైన వ్యాజ్యం వాళ్ల తర్వాత వితంతువుల దాకా నడిచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు ఎక్కింది. 1846 నాటి రంగమ్మ, అచ్చమ్మల వ్యాజ్యంగా న్యాయవాదులకు సుపరిచితమైనది ఇదే. ఒక దత్తపుత్రుడు బతికివుండగా రెండో దత్తత చెల్లదని అందులో తేల్చారు. హిందూ ధర్మశాస్త్రానికి ఒక సూత్రం దొరికింది గాని, జమీకి మిగిలిందేమీ లేదు. ఖర్చులూ, బాకీలూ, జప్తులూ మింగగా, 1840ల చివరికి వాసిరెడ్డి జమీ బకాయిల కింద ప్రభుత్వపరమైంది.

ఈ వ్యాజ్యం నడుస్తున్న ముప్ఫై ఏళ్ల మధ్యలోనే నందన నామ సంవత్సరపు కరువు, 1832-33లో, గుంటూరు సీమను తుడిచిపెట్టింది. జనాభాలో మూడోవంతు నుంచి సగం వరకు నశించారని ఆనాటి అధికారుల అంచనాలు చెబుతాయి. పక్కనే కృష్ణ పారుతూనే వుంది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1852-55లో గాని లేవలేదు. గాలిగోపురానికీ, దివాణానికీ, పేష్కష్‌కీ, ప్రివీ కౌన్సిల్‌కీ సరిపోయిన సీమ సంపద, ఆ సీమ పొలానికి నీరు తెచ్చే పనికి మాత్రం సరిపోలేదు. ప్రభువుకు గుడి మీద దృష్టి, కుంఫిణీకి కిస్తు మీద దృష్టి. కల్లంలో పుట్టిన మిగులు తిరిగి చేనులోకి రాకపోవడమే ఈ వ్యవస్థ స్వభావం. అమరావతి ఎస్టేటు చరిత్రను ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

1845లో ఈ సీమ వసూళ్లు ఎందుకు పడిపోయాయో విచారించడానికి వాల్టర్ ఇలియట్‌ను కమిషనరుగా పంపారు. ఆయన ఒక చేత్తో కరణాల, సిరస్తాదార్ల అక్రమాల లెక్కలు తవ్వుతూ, రెండో చేత్తో దీపాలదిన్నెను తవ్వించాడు. జమీ దివాలా లెక్కలూ, స్తూపపు ఫలకాలూ ఒకే అధికారి చేతికి చేరాయి. ఫలకాలు మద్రాసు వెళ్లి కొంతకాలం ఎండకూ వానకూ పడివున్నాయి. 1859లో నూటికి పైగా ఫలకాలు లండన్‌కు ఓడెక్కాయి. అక్కడ కూడా ఒక బండ్ల కొట్టంలో పడివుంటే 1867లో జేమ్స్ ఫెర్గుసన్ చూసి లోకానికి చాటాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అదే ఏడాది మద్రాసు గవర్నరు ఆజ్ఞతో మిగిలిన గుట్టనంతా తవ్వి ఎత్తించగా, పెద్ద గుంట మాత్రం మిగిలింది.

ఇక్కడ రెండు వాదాలను ఎదుర్కోవాలి. జమీందారు తవ్వించకపోతే స్తూపం లోకానికి తెలిసేదే కాదని కొందరంటారు. తెల్లవారు తీసుకుపోకపోతే ఫలకాలన్నీ సున్నమయ్యేవని మరికొందరంటారు. రెండిట్లోనూ కొంత నిజం వుంది. సున్నపు బట్టీకి పోయిన శిల్పాలున్నాయనడంలో సందేహం లేదు. సున్నం కాల్చే సీమ వాణ్ణి గనుక ఆ మాట నాకు కొత్తగా తోచదు. కాని ఈ వాదాలు రెండూ ఒక ప్రశ్నను తప్పిస్తున్నాయి. ఆ రాయి ఎవరిది? జమీందారుకు అది తన భూమిలోని ఇటుక, కుంఫిణీ దొరకు తన రాజ్యంలోని పాలరాయి. బతుకే కొల్లపోతున్న రైతుకు అది కాల్చి అమ్ముకుంటే నాలుగు కాసులు వచ్చే సున్నం. ఈ ముగ్గురినీ ఒకే తప్పు చేసినవారిగా చూడడం అన్యాయం. మొదటి ఇద్దరికీ ఆజ్ఞ ఇచ్చే అధికారం వుంది. మూడోవాడికి చరిత్ర చెప్పినవాళ్లే లేరు. తన తాతల చందాలతో లేచిన కట్టడమని తెలియకుండా పోవడం అతని అజ్ఞానం కాదు, అతని మీద జరిగిన దోపిడీలో అదొక భాగం.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన ఎదుటే వుంది. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. విజయపురి లోయ మునిగిపోతుందని తెలిసి ఆ దశాబ్దంలో పురాతత్వ శాఖ లోయంతా తవ్వి, శిల్పాలనూ కొన్ని కట్టడాలనూ కొండమీదికి చేర్చింది. రాయి ఈ నేల మీదే వుంది, 1967 నుంచి కుడికాలువ నీరూ పారింది. ఆ ప్రాజెక్టు కోసం పట్టుబట్టినవారిలో వాసిరెడ్డి వంశపు మరో శాఖవాడైన ముక్త్యాల రాజా వుండడం చరిత్రలోని చమత్కారం. మునిగిన పల్లెల వారికి అక్కడా అన్యాయం జరిగింది, కాదనను. అయినా మిగులు సంపద చేనులోకి తిరిగివచ్చే దారి ఒకటుందని అది చూపింది.

ఇప్పుడు అమరావతి పేరు మళ్లీ ఒక కొత్త పట్నానికి వచ్చింది. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధానికి ఆ పేరే పెట్టారు. పాత అమరావతి ఆ నగరపు అంచున మిగిలింది. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. భూమి ఇచ్చిన రైతుకు ప్లాట్ల వాటా, ఏటా కౌలు చెల్లింపు. భూమిలేని కూలి కుటుంబానికి మొదట పెట్టింది నెలకు 2,500 రూపాయల పింఛను. కౌలుదారుకు ప్లాటులో వాటా లేదు. 2019లో పనులు ఆగినప్పుడు రైతులు ఏళ్ల తరబడి ఉద్యమం చేశారు, 2024 తర్వాత పనులు తిరిగి సాగాయి. రాజధాని వుండాలా అక్కరలేదా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. కాని ఒక పట్నం లేచేటప్పుడు చేనులో పనిచేసే మనిషికి అందులో ఎంత వాటా వుందని అడగడం, ఈ చోటి చరిత్ర తెలిసినవారి బాధ్యత.

విద్యార్థులను అమరావతికి విహారయాత్రకు తీసుకుపోయే ఉపాధ్యాయులకు నాదొక సూచన. గుడిగోపురం చూపించండి, మ్యూజియం చూపించండి, దివాణపు ఆనవాళ్లూ చూపించండి. వాటితోపాటు నరుకుళ్లపాడు పేరు ఎందుకు వచ్చిందంటారో చెప్పండి. 1832-33లో ఏం జరిగిందో చెప్పండి. రెండువేల ఏళ్ల కిందట ఒక చర్మకారుడు తన పేరు చెక్కించుకున్న సంగతి చెప్పండి. మన వూళ్ల కైఫీయతులు, మన తాతల నోటి కథలు, సర్కారు రికార్డులు పక్కపక్కన పెట్టి చదవడం ఆ పిల్లలకు నేర్పండి. దాతల జాబితాలు ఇప్పటికే చాలా వున్నాయి. ఇక రాయవలసింది ఇచ్చినవారి చరిత్ర, అంటే కల్లంలో పాలు ఇచ్చినవారి చరిత్ర.